ఉమ్మడి కర్మశాలలు – శాసనకర్తల తోడ్పాటు

విత్తు వేయు అదనున విత్తు యంత్రములోని పండ్లచక్ర మొకటి విఱిగినచో, రైతునకు పోవునది చక్రపు వెల మాత్రమే కాదు, అదనును పోవును. అట్టి చిన్న భాగమును సమీపముననే చేయించుకొనుటకు వీలైనచో నెంతయో మేలు. ఇట్టి పనులకు తగినవే ఫ్యాబ్ ల్యాబులను ఉమ్మడి కర్మశాలలు. వీనియందు కంప్యూటరుపై గీచిన పటము ననుసరించి యొక యంత్రము పలకను కోయును, మఱియొకటి చెక్కును, త్రీడీ ప్రింటరు పొరమీద పొర పేర్చి వస్తువును రూపొందించును.

ఈ పద్ధతి అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ప్రొఫెసరు నీల్ గెర్షెన్‌ఫెల్డు గారి పరిశోధనాలయమునందు పుట్టినది. ఒక్కని శక్తికి మించిన యంత్రములను పదిమంది కలసి వాడుకొనుటయే దీని సారము. సహకారులమైన మనకిది క్రొత్త మాట గాదు.

ఈ కర్మశాలలకు అచటి శాసనకర్తలు కొందఱు తోడ్పడ నెంచిరి. భౌతికశాస్త్రజ్ఞుడును, ఇల్లినాయి ప్రతినిధియు నగు బిల్ ఫాస్టరు గారు 2010లోను, మరల 2013లోను ప్రతినిధి సభయందు బిల్లు ప్రవేశపెట్టిరి. ప్రతి 7 లక్షల జనాభాకు నొక కర్మశాల యుండవలెననియు, వాని నన్నిటిని కూర్చు జాతీయ సంస్థకు అధికారపత్ర మీయవలెననియు నందలి ఆశయము. 2014 జూన్ 18న అధ్యక్షుడు ఒబామా గారు శ్వేతసౌధముననే స్వయముగా వస్తువులు చేయువారి ప్రదర్శనము జరిపించిరి. కాంగ్రెసులో రెండు పక్షముల సభ్యులును గలసి యొక బృందముగ నేర్పడిరి. అయినను ఆ రెండు బిల్లులును చట్టములు కాలేదు.

అధికారపత్రము వలన నేమి లాభమని కొందఱు శంకింపవచ్చును. మన దేశమున 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము రైతులకు రూకలు పంచలేదు. వారి సంఘములకు చట్టరీత్యా నిలుకడ కల్పించినది. ఆ నిలుకడ వలన సంఘమునకు అప్పు పుట్టినది. 1912 చట్టము పరపతిగాక యితర కార్యముల సంఘములకును ఆ హక్కును విస్తరింపజేసినది. ఉమ్మడి కర్మశాలలకును కావలసినది మొదట నిట్టి నిలుకడయే.

పల్లెలకు నిది దూరపు సంగతి యనుకొనరాదు. పూనా జిల్లా పాబల్ గ్రామమున డాక్టరు కల్బాగ్ గారు 1983లో స్థాపించిన విజ్ఞానాశ్రమమునందు 2002లోనే ఫ్యాబ్ ల్యాబు వెలసినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో హైదరాబాదున టీ-వర్క్స్ అను పెద్ద కర్మశాలను తెఱచినది.

అయితే యంత్రముండిన చాలదు. ప్రింటరు చేసిన ప్లాస్టిక్ చక్రము ఇనుప నాగలి మోయు బరువును మోయజాలదు. కరెంటు, ముడిసరకు, నేర్పరి, మరమ్మతు ఖర్చు – వీనిని ముందుగనే లెక్కింపవలెను. కావున రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు, తమ గ్రామమున నే పనిముట్ల నే భాగములు తఱచుగ విఱుగుచున్నవో, వానికై యెన్ని దినములు వ్యర్థమగుచున్నవో ప్రతి సంఘమును జాబితా వ్రాసియుంచుట మంచిది. ఆ జాబితాతో శాసనసభ్యుని కడకు బోయినచో, మన కోరిక వట్టిమాటగా తోచదు.