పప్పీ లినక్సు

పప్పీ లినక్సు పాత కంప్యూటర్లపై రోజువారీ పనులు చేసుకొనుటకు అనువైన ఒక తేలికపాటి లినక్సు పంపిణీ. దీనిని ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో ప్రారంభించాడు. కంప్యూటరు ఆరంభమైనప్పుడు వ్యవస్థ మొత్తము ర్యామ్‌లోకి చేరి, అక్కడి నుండే పనిచేయుట దీని ముఖ్య లక్షణము. దీని వేగమునకు కారణము ఇదే. దీనిని వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలకు మూలము కూడా ఇదే.

చరిత్ర

కౌలర్ పెంచుకున్న చువావా జాతి కుక్క పేరు మీదుగా ఈ పంపిణీకి పప్పీ అనే పేరు వచ్చినది. 2000ల దశకములో వెలువడిన విడుదలలు సుమారు 100 మెగాబైట్లలోనే ఇమిడేవి. కౌలర్ 2013లో బాధ్యతల నుండి తప్పుకొనగా, అప్పటి నుండి స్వచ్ఛంద సభ్యుల సముదాయము దీనిని కొనసాగిస్తున్నది.

పప్పీ ఒకే పంపిణీ కాదు, ఒక కుటుంబము. వూఫ్ అనే ఉపకరణముతో ఇతర పంపిణీల పొట్లములను (ప్యాకేజీలను) తీసుకొని వేర్వేరు పప్పీలను తయారుచేస్తారు. స్లాకో పప్పీకి స్లాక్‌వేర్, 2020లో వచ్చిన ఫాసాపప్‌కు ఉబుంటు, బుక్‌వర్మ్‌పప్‌కు డెబియన్ ఆధారము.

పనిచేసే విధానము

పప్పీలో ముఖ్యమైన దస్త్రములు మూడు: కెర్నల్, వ్యవస్థను ఆరంభించే దస్త్రము, మిగిలిన కార్యక్రమములన్నీ కుదించి ఉంచిన ఎస్‌ఎఫ్‌ఎస్ దస్త్రము. ఎస్‌ఎఫ్‌ఎస్ దస్త్రమును చదువుటయే గాని మార్చుటకు వీలుకాదు. వాడుకరి చేసిన మార్పులు దానిపైన మరొక పొరగా నిలుస్తాయి. అచ్చు పుస్తకముపై పారదర్శకమైన కాగితము పరచి, ఆ కాగితము మీద వ్రాసుకొనుట వంటిది ఇది. చదివేవారికి రెండూ కలిసి కనిపిస్తాయి, కాని పుస్తకము చెక్కుచెదరదు.

ఈ పై పొరను భద్రపరచే దస్త్రమును సేవ్‌ఫైలు అంటారు. ఇది లేనిచో కంప్యూటరు ఆపిన వెంటనే మార్పులన్నీ పోతాయి.

స్థాపన

ముందుగా యంత్రము 32 బిట్లదో 64 బిట్లదో తెలుసుకొని, దానికి తగిన ఐఎస్‌ఓ దస్త్రమును దింపుకొనవలెను. దానిని సీడీ లేదా యూఎస్‌బీ పుల్లపైకి ఎక్కించి, బయోస్‌లో ఆరంభ క్రమమును మార్చినచో పప్పీ మొదలవుతుంది. ఈ దశలో హార్డుడిస్కుపై ఏమీ వ్రాయబడదు. అందువలన తెర, శబ్దము, వైఫై సరిగా పనిచేస్తున్నవో లేదో ముందే పరీక్షించుకొనవచ్చును.

అన్నీ సవ్యముగా ఉన్నచో "ఫ్రూగల్" అనే పొదుపు స్థాపన చేయవచ్చును. ఇందులో పైన చెప్పిన మూడు దస్త్రములను హార్డుడిస్కులోని ఒక సంచయములో ఉంచి, ఆరంభ పట్టికలో పప్పీని చేర్చుతారు. డిస్కును మళ్ళీ విభజించవలసిన అవసరము లేదు. అందులో ఉన్న పాత వ్యవస్థ, దస్త్రములు అలాగే ఉంటాయి. అయినను ముఖ్యమైన వాటికి వేరొక చోట నకలు తీసుకొనుట మంచిది.

మొదటిసారి కంప్యూటరును ఆపేటప్పుడు సేవ్‌ఫైలు ఎక్కడ ఉంచవలెనో, ఎంత పరిమాణములో ఉండవలెనో పప్పీ అడుగుతుంది. చిన్న పరిమాణముతో మొదలుపెట్టి తరువాత పెంచుకొనవచ్చును. ర్యామ్ తక్కువగా ఉన్న యంత్రములో ఒక స్వాప్ విభాగము ఉన్నచో పప్పీ దానిని వాడుకుంటుంది.

రోజువారీ వాడకము

గవాక్షముల నిర్వహణకు జేడబ్ల్యుఎం, దస్త్రముల నిర్వహణకు రాక్స్ ఫైలర్ అనేక విడుదలలలో ఉన్నవి. లేఖలు వ్రాయుటకు అబివర్డ్, లెక్కల పట్టికలకు గ్నుమెరిక్ వంటి చిన్న కార్యక్రమములను ఎంచుకొనుట పప్పీ సంప్రదాయము.

తెరపై ఏమీ తెరవనప్పుడు ఈ వ్యవస్థ చాలా తక్కువ ర్యామ్ తీసుకుంటుంది. అయితే ఈ పొదుపు బ్రౌజరుకు వర్తించదు. నేటి వెబ్ పుటలు ఏ వ్యవస్థలోనైనా అధిక ర్యామ్ కోరుతాయి. అందుచేత 512 మెగాబైట్ల ర్యామ్ గల యంత్రముపై లేఖలు, లెక్కలు, పాటలు సులువుగా సాగినను, వీడియోలు చూచుటకు, అనేక పుటలు ఒకేసారి తెరచుటకు అది చాలదు.

తెలుగు ఖతి లేనిచోట అక్షరములకు బదులు గళ్ళు కనిపిస్తాయి. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఖతులలో ఒకదానిని ఖతుల సంచయములో ఉంచినచో తెలుగు పుటలు చదువవచ్చును. ఈ ఖతి కూడా పై పొరలోనే చేరుతుంది కనుక, సేవ్‌ఫైలు లేనిచో మరునాటికి అది ఉండదు.

జాగ్రత్తలు

యూఎస్‌బీ పుల్లనుండి నడిపేటప్పుడు, పుల్ల త్వరగా అరగకుండుటకై మార్పులు మొదట ర్యామ్‌లోనే ఉండి, కొంత వ్యవధికి ఒకసారి గాని ఆపేటప్పుడు గాని భద్రమవుతాయి. ఈలోగా కరెంటు పోయినచో చివరి మార్పులు పోతాయి. కరెంటు కోతలు ఉన్నచోట వ్రాసిన పత్రములను నేరుగా హార్డుడిస్కుపై ఉంచుట క్షేమము.

పప్పీలో వాడుకరి సాధారణముగా రూట్ అధికారములతోనే పనిచేస్తాడు. ఒకే మనిషి వాడే యంత్రములో ఇది సౌకర్యమే గాని, హానికర కార్యక్రమము ప్రవేశించినచో దానికి అడ్డు ఉండదు. అంతర్జాలములో విహరించుటకు స్పాట్ అనే పరిమిత అధికారముల ఖాతాను వాడవచ్చును.

సేవ్‌ఫైలు పాడై వ్యవస్థ మొరాయించినచో, ఆరంభ సమయములో పీఫిక్స్=ర్యామ్ అనే ఆదేశము ఇచ్చి, పై పొర లేకుండా పప్పీని నడిపించవచ్చును. మూల దస్త్రము మారనందున వ్యవస్థ మొదటి రోజు ఉన్నట్లే తెరుచుకుంటుంది. అప్పుడు హార్డుడిస్కులోని దస్త్రములను మరొక చోటికి నకలు చేసుకొనవచ్చును. ఇతర వ్యవస్థలు చెడిపోయిన కంప్యూటర్లనుండి దస్త్రములను కాపాడుటకు కూడా పప్పీని ఇదే పద్ధతిలో వాడుతారు.