చూపు పోయిన సిపాయికి వీధి నేర్పేవాళ్ళు

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆస్పత్రి 1819లో మొదలైంది. ప్రపంచంలోనే బాగా పాత కంటి ఆస్పత్రుల్లో అదొకటి. ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడికి అది పెద్ద దూరమేమీ కాదు. పేటలో ఎవరికి కంటి జబ్బు చేసినా ముందు గుర్తొచ్చేది ఆ ఆస్పత్రే. పొరలు తీస్తారు, నీటికాసులకు చుక్కల మందు రాస్తారు, తెగిన రెటీనాను అతికిస్తారు. అయినా కొందరికి ‘ఇక చూపు రాదు’ అని చెప్పక తప్పదు. ఆ మాట విన్న మనిషి మర్నాడు పొద్దున లేచి పళ్ళు తోముకోవాలి, కాఫీ తాగాలి, పెన్షన్ తెచ్చుకోవాలి, మనవణ్ణి బడి దగ్గర దింపాలి. ఈ పనులు చూపు లేకుండా ఎలా చేసుకోవాలో పక్కన ఉండి నేర్పే వృత్తి ఒకటుంది. చూపు కోల్పోయినవాళ్ళకు పునరావాస శిక్షణ ఇవ్వడమే ఆ వృత్తి. దాన్ని ఈ రూపానికి తెచ్చినవాళ్ళలో యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికులూ ఉన్నారు.

1915 ఆగస్టులో గల్లిపోలి యుద్ధంలో, చునుక్ బేర్ కొండ మీద, క్లూథా మెకంజీ అనే ఇరవై ఏళ్ళ న్యూజీలాండ్ సిపాయికి రెండు కళ్ళూ పోయాయి. అదే ఏడాది లండన్‌లో ఆర్థర్ పియర్సన్ అనే పత్రికాధిపతి, తన చూపు కూడా పోయిన తర్వాత, అంధ సైనికుల కోసం సెయింట్ డన్‌స్టన్స్ అనే శిక్షణాలయం పెట్టాడు. మెకంజీ అక్కడ బ్రెయిలీ, టైపు నేర్చుకుని స్వదేశానికి వెళ్ళాడు. పార్లమెంటు సభ్యుడయ్యాడు, ఆక్లండ్‌లోని అంధుల సంస్థను నడిపాడు, సర్ బిరుదు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశానికి వచ్చాడు. అప్పటి భారత సైన్యంలో ఇరవై అయిదు లక్షల మందికి పైగా ఉన్నారు. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళూ ఉన్నారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఎంతమంది వెళ్ళారంటే, ఆ ఊరి పేరే మిలిటరీ మాధవరంగా స్థిరపడింది. బర్మాలో, ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో కళ్ళు పోగొట్టుకున్న మన సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్ తెరిచారు. దాన్ని నడిపించినవాడు మెకంజీ.

ఆ హాస్టల్ యుద్ధంతో ముగిసిపోలేదు. 1950లో భారత ప్రభుత్వం అక్కడ పెద్దవాళ్ళైన అంధుల కోసం శిక్షణ కేంద్రం పెట్టింది. తర్వాత బ్రెయిలీ ముద్రణాలయం, బ్రెయిలీ పరికరాల తయారీ కేంద్రం వచ్చాయి. 1979లో అది జాతీయ సంస్థ అయింది. ఈనాడు దేశంలో అంధుల చదువుకూ పునరావాసానికీ తల్లివేరు లాంటి సంస్థ అదే. దాని ప్రాంతీయ కేంద్రం చెన్నై శివార్లలోని పూందమల్లిలో ఉంది. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిల కోసం కట్టిన చోటు నుంచి యుద్ధంతో ఏ సంబంధమూ లేని లక్షల మందికి చదువు అందింది. ఈ చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీకైనా నోచుకోవాల్సింది.

మన భాషకు అందిన మేలు గురించి ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు మన దేశంలో ఒక్కో బడిలో ఒక్కో రకం బ్రెయిలీ వాడేవారు. 1951లో అన్ని భాషలకూ ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ స్థిరపడింది. భారతదేశానికి వచ్చిన తర్వాత మెకంజీ యునెస్కో తరఫున ప్రపంచ భాషల బ్రెయిలీలను ఒక పద్ధతిలోకి తెచ్చే పనిలో ముందున్నాడు. భారతీ బ్రెయిలీలో ‘అ’ అంటే ఒకటో చుక్క, ‘క’ అంటే ఒకటి, మూడు చుక్కలు. తెలుగులోనైనా తమిళంలోనైనా హిందీలోనైనా అంతే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే వ్యాసర్పాడి కుటుంబాలకు ఇది ఎంత సౌకర్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఒక భాషలో వేళ్ళకు అలవాటైన అక్షరం రెండో భాషలోనూ పనికొస్తుంది.

చేతికర్ర కథ అమెరికాది. 1944లో పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆస్పత్రికి చూపు పోయిన సైనికులు వరసగా వస్తున్నారు. అక్కడ సార్జెంటుగా పనిచేసిన రిచర్డ్ హూవర్ అంతకు ముందు అంధుల బడిలో మాస్టారు. ఆ రోజుల్లో అంధులకిచ్చే కర్ర పొట్టిగా, బరువుగా, ముసలివాళ్ళ ఊతకర్రలా ఉండేది. హూవర్ కళ్ళకు గంతలు కట్టుకుని నడిచి చూశాడు. నడిచేవాడికి ఊతం కన్నా ముందడుగులో ఏముందో తెలియడం ముఖ్యమని గ్రహించాడు. కర్రను తేలిక చేశాడు, గుండె ఎత్తు దాకా పొడవు పెంచాడు. అడుగుకొక తాకుడు అన్న పద్ధతి కుదిర్చాడు. కుడికాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర మొన ఎడమవైపు నేలను తాకుతుంది, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి చెబుతుంది. ప్రపంచమంతా ఇప్పటికీ నేర్పేది ఈ పద్ధతే. 1948లో ఇల్లినాయ్‌లోని హైన్స్‌లో మాజీ సైనికుల కోసం పూర్తిస్థాయి అంధ పునరావాస కేంద్రం తెరిచినప్పుడు, దానికి మొదటి అధిపతి రసెల్ విలియమ్స్. 1944లో ఫ్రాన్సులో ఫిరంగి దెబ్బకు రెండు కళ్ళూ పోయినవాడు, వ్యాలీ ఫోర్జ్‌లో ఈ కర్రతోనే నడక నేర్చుకున్నవాడు. ‘నీ వల్ల కాదు’ అనడానికి గానీ, ‘నీకేం తెలుసు నా బాధ’ అనడానికి గానీ అలాంటి గురువు ముందు వీలుండదు.

ఇప్పుడు ఆ కర్రను వ్యాసర్పాడికి తెద్దాం. శ్రీలంకలో 1987–90 మధ్య మన శాంతి సేన పనిచేసింది. అందులో ఉండి, మందుపాతర పేలుడులో కళ్ళు దెబ్బతిన్న హవల్దారు ఒకాయన ఎం.కె.బి. నగర్‌లో ఉన్నాడనుకుందాం. ఇప్పుడు అరవై దాటాయి. ఇన్నాళ్ళూ భార్య చెయ్యి పట్టుకుని నడిచాడు, ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. శిక్షకుడు వచ్చి కర్ర చేతికిచ్చి వీధిలోకి తీసుకుపోడు. ముందు ఇంట్లో మొదలుపెడతాడు. అరచేతి వెనకభాగాన్ని గోడకు ఆనించి గది గదికీ నడిపిస్తాడు. వంగేటప్పుడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్పిస్తాడు, లేకపోతే మంచం కోడు నుదుటికి తగులుతుంది. కింద పడ్డ నాణెం ఎటు దొర్లిందో చెవితో పట్టిస్తాడు. టంబ్లరులో కాఫీ ఎంత దాకా వచ్చిందో చప్పుడు మారడాన్ని బట్టి, చేతిలో బరువును బట్టి తెలుసుకోమంటాడు. కంచాన్ని గడియారంలా అనుకోమంటాడు. ఆరు గంటల చోట అన్నం, తొమ్మిది దగ్గర పప్పు, పన్నెండు దగ్గర కూర, మూడు దగ్గర పచ్చడి. వడ్డించేవాళ్ళు ఆ వరస తప్పకుండా ఉంటే చాలు, పక్కన కూర్చుని ‘ఇదిగో నాన్నా, ఇక్కడ’ అని చెయ్యి పట్టుకోనక్కర్లేదు.

డబ్బు విషయం ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. సొంత పెన్షన్ తాను లెక్కపెట్టుకోలేకపోతే మనిషికి ఇంట్లో మాట చెల్లదు. ఇప్పటి నోట్లలో పది, ఇరవై రూపాయల నోట్ల వెడల్పు 63 మిల్లీమీటర్లు, యాభై నుంచి పైవి 66. పొడవులో రెండు వందల నోటు 146, అయిదు వందల నోటు 150. తేడా నాలుగే మిల్లీమీటర్లు, కొత్త చేతికి అందేది కాదు. అంచున ఉబ్బెత్తు గీతలున్నాయి. వంద నోటుకు నాలుగు, రెండు వందల నోటుకు నాలుగు గీతలతో పాటు రెండు సున్నాలు, అయిదు వందల నోటుకు అయిదు. నోటు నలిగిపోతే అవీ తెలియవు. అందుకే శిక్షకులు ఒక్కో నోటును ఒక్కో తీరులో మడిచి పెట్టుకోమంటారు. రిజర్వ్ బ్యాంకు 2020లో మణి అనే మొబైల్ యాప్ విడుదల చేసింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే అది ఎంతదో పైకి చెబుతుంది.

ఆ తర్వాతే వీధి. సాఫీగా ఉన్న కాలిబాట మీద కర్ర పని సులువు. వ్యాసర్పాడి సందుల్లో గడపల ముందు బైకులుంటాయి, మురుగు కాలువ మీద పలకలు అక్కడక్కడా లేచి ఉంటాయి, నీళ్ళ కుండలు వరసగా పెట్టి ఉంటాయి. కర్ర నేల మీది సంగతి చెబుతుంది గానీ నడుముకు పైనున్నది చెప్పదు. ఆగి ఉన్న లారీ వెనక తలుపు, సగం దించిన షట్టరు, వేలాడే కేబుల్ తీగ నేరుగా మొహానికి తగులుతాయి. ఢిల్లీ ఐఐటీ వాళ్ళు తయారుచేసిన స్మార్ట్‌కేన్ 2014లో బయటికొచ్చింది. మామూలు కర్రకు తగిలించుకునే ఆ పరికరం శబ్ద తరంగాలతో మూడు మీటర్ల లోపు అడ్డాన్ని పసిగట్టి చేతికి వణుకు రూపంలో చెబుతుంది. ఆ వణుకు అర్థం కావడానికీ కొన్ని వారాల సాధన కావాలి.

చెవులే దారి చూపాలి కాబట్టి శిక్షకుడు పేట చప్పుళ్ళను పాఠంగా చేసుకుంటాడు. బేసిన్ బ్రిడ్జి నుంచి పెరంబూరు వైపు పోయే రైళ్ళు వ్యాసర్పాడి జీవా స్టేషను మీదుగా వెళ్తాయి. కమ్యూనిస్టు నాయకుడు జీవానందం పేరు పెట్టిన చిన్న స్టేషను అది. రైలు మోత ఏ చెవికి ఎక్కువగా వినిపిస్తుందో గమనిస్తే తాను ఎటు తిరిగి నిలబడ్డాడో తెలుస్తుంది. వెనక్కి తిరిగి రావడానికి అదే గుర్తు. కూడలిలో వాహనాలు తన ముందు నుంచి అడ్డంగా పోతున్నాయా, తన పక్కగా సమాంతరంగా పోతున్నాయా అన్నది వినాలి. సమాంతరంగా కదలడం మొదలైనప్పుడే రోడ్డు దాటాలి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఈ పాఠాలన్నీ తలకిందులవుతాయి. వాన చప్పుడు మిగతా చప్పుళ్ళను మింగేస్తుంది. గణేశపురం సబ్‌వే లాంటి చోట్ల నీళ్ళు నిలిస్తే గుంత ఎక్కడుందో కర్రకు అందదు. ఏ రోజు ఒంటరిగా బయల్దేరకూడదో చెప్పడం కూడా మంచి శిక్షకుడి పనే. సైనికుడికి ఈ మాట చెప్పడం కష్టం. భయపడుతున్నానని అనుకుంటారేమోనని ఆయన వెనక్కి తగ్గడు.

సైన్యంలో ఉన్నవాళ్ళకు సాయం అడగడం అలవాటు లేదు, సాయం చేయడమే అలవాటు. జాలి మాట వినిపిస్తే తలుపేసుకుంటారు. కానీ రోజూ ఇంత దూరం, ఇంత సమయంలో అని లక్ష్యం పెడితే మాత్రం వదలరు. 2014లో శిక్షణలో జరిగిన ప్రమాదంలో చూపు కోల్పోయిన తమిళనాడు అధికారి లెఫ్టినెంట్ కర్నల్ ద్వారకేశ్ సైన్యంలోనే కొనసాగారు. ఈత, షూటింగ్ పోటీల్లో పాల్గొన్నారు, సియాచిన్ ఎక్కారు. అందరూ సియాచిన్ ఎక్కనక్కర్లేదు. ‘కూర్చోండి సార్, మేం చూసుకుంటాం’ అనే మాట ఎంతమంది సామర్థ్యాన్ని మూలన పడేస్తోందో ఆయన్ని చూస్తే అర్థమవుతుంది.

నిజానికి ఈనాడు చూపు తగ్గిన మాజీ సైనికుల్లో బాంబు దెబ్బ తిన్నవాళ్ళ కన్నా వయసు మీద పడినవాళ్ళే ఎక్కువ. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై నాలుగు దాటారు. నీటికాసులు (గ్లాకోమా), చక్కెర వ్యాధి వల్ల రెటీనా పాడవడం, రెటీనా మధ్యభాగం అరిగిపోవడం వీళ్ళను పట్టుకుంటాయి. గ్లాకోమా పక్కచూపును మెల్లగా తినేస్తుంది, మధ్యలో చూపు మాత్రం ఉంటుంది. అలాంటాయన పేపరు చదువుతాడు, గడపకు తన్నుకుంటాడు. ఇంట్లోవాళ్ళు నాటకమాడుతున్నాడంటారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు కళ్ళలో బాగున్న కంటి చూపు 3/60 కంటే తక్కువైనా, చూపు పరిధి 10 డిగ్రీల లోపైనా అంధత్వమే. పేపరు చదివే మనిషి చట్టం దృష్టిలో అంధుడు కావచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయనివాళ్ళున్నారు.

ఇంకొక సంగతి గురించి ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు. చూపు బాగా తగ్గినవాళ్ళలో కొందరికి లేని మనుషులు, పూలతీగలు, గళ్ళ గళ్ళ నమూనాలు కళ్ళముందు కనిపిస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనే తన తాతగారికి ఇలా కనిపించడాన్ని 1760లో రాశాడు, బోనే పేరే దానికి పెట్టారు. కళ్ళ నుంచి సమాచారం ఆగిపోయినప్పుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకుంటుంది. మతి చలించడం కాదది. యుద్ధం చూసివచ్చిన మనిషి మాత్రం తనకు పిచ్చి పట్టిందనుకుని, ఎవరికీ చెప్పక కుమిలిపోతాడు. ‘ఇలా ఏమన్నా కనిపిస్తున్నాయా?’ అని శిక్షకుడే ముందు అడిగితే సగం బరువు దిగుతుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది? డిశ్చార్జి బుక్కుతో జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాలి. వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. యుద్ధంలో చూపు పోయినవాళ్ళ కోసం సెయింట్ డన్‌స్టన్స్ పేరుతోనే డెహ్రాడూన్‌లో సంరక్షణ సంస్థ ఉంది, దానికి కేంద్రీయ సైనిక్ బోర్డు ఆర్థిక సాయం చేస్తుంది. కానీ ఈ కాగితాలేవీ మనిషికి వీధి దాటడం నేర్పవు. డెబ్భై అయిదేళ్ళ మనిషిని పూందమల్లికి రోజూ రమ్మనడం న్యాయం కాదు, శిక్షకుడే పేటకు రావాలి. అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఇళ్ళకు వెళ్ళి నేర్పే నిపుణులను ప్రత్యేకంగా నియమించుకుంది. మన దగ్గర అలాంటి ఉద్యోగాలు జిల్లా స్థాయిలో ఉండాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే యువతకు దారి ఉంది. అంధుల ప్రత్యేక విద్యలో డిప్లమో, బీఈడీ కోర్సులున్నాయి. పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. నడక నేర్పే నిపుణులను ఆ మండలి ప్రత్యేక వర్గంగా గుర్తించింది. శిక్షణలో భాగంగా కళ్ళకు గంతలు కట్టుకుని రోడ్డు మీద నడవాలి. వ్యాసర్పాడిలో పుట్టి, అంబేడ్కర్ ప్రభుత్వ కళాశాలలో చదివి, తమిళం, తెలుగు రెండూ ధారాళంగా మాట్లాడే అమ్మాయో అబ్బాయో ఈ కోర్సు చేస్తే, ఏ పలక లేచి ఉందో, ఏ కొట్టు ముందు చెప్పుల వరస ఉంటుందో బయటివాళ్ళ కన్నా వాళ్ళకే బాగా తెలుసు. ‘తాతా, ఇంకో నాలుగడుగులు, ఎడమ పక్కన మెట్టు’ అని ఆయన భాషలోనే చెప్పగలరు.