గోడను పక్కకు లాగే మంచం

ఇంట్లో ఉన్న సామాను దాదాపు అంతా బరువును నేలకే అప్పగిస్తుంది. మంచం, బీరువా, ఫ్రిజ్ అన్నీ అంతే. పైకప్పుకు వేలాడే ఫ్యాను కూడా కిందికే లాగుతుంది. ఇల్లు కట్టే ఇంజినీర్ల లెక్కా దీన్నిబట్టే నడుస్తుంది. నివాస గదుల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలని మన ప్రమాణం ఐ.ఎస్. 875 అంటుంది. బట్టల తీగను పక్కన పెడితే, ఇంటిని అడ్డంగా లాగే సామాను ఒక్కటే: రెండు కొసలు రెండు గోడలకు కట్టి నడుమ మనిషి పడుకునే వల ఉయ్యాల. అంగట్లో అడగాలంటే హ్యామక్.

బెంగళూరు ఫ్లాట్ల బాల్కనీల్లో ఇప్పుడిది బాగా కనిపిస్తోంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు, సాయంత్రమైతే గాలి. పడుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. తప్పల్లా దాన్ని బిగించి కట్టడంలోనే జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఈ వల ఎక్కడెక్కడ తిరిగి మన గోడ దాకా వచ్చిందో చూడాలి.

1492 అక్టోబరులో కొలంబస్ బహామా దీవుల్లో దిగాడు. మంచినీళ్ల కోసం ఊళ్లోకి వెళ్లిన మనుషులు తిరిగొచ్చి, అక్కడి ఇళ్లలో పడకలు నూలు వలల్లా ఉన్నాయని చెప్పారు. ఆ సంగతి అతని దినచర్యలో అక్టోబరు 17 కింద నమోదైంది. ఎనిమిదేళ్ల తర్వాత, 1500లో, బ్రెజిల్ తీరం చేరిన పోర్చుగీసు నౌకల లేఖకుడు పేరో వాజ్ ద కమీన్యా తన రాజుకు రాసిన ఉత్తరంలోనూ ఇలాంటి వలలే కనిపిస్తాయి. ఆ ఇళ్లలో స్తంభం నుంచి స్తంభానికి ఎత్తుగా కట్టి ఉన్నాయట. స్తంభాలంటే నేలలో లోతుగా పాతిన నిలువు దుంగలు. ఈ యంత్రంలో సగభాగం ఆ దుంగలే. యూరప్ వాళ్లు వలను ఎత్తుకెళ్లారు, దుంగల మాట ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ల నౌకలకైతే ఆ లోటు తెలిసిరాలేదు. యుద్ధనౌక పైకప్పులో ఒక్కొక్కటి మనిషి నడుమంత లావున్న ఓక్ దూలాలు ఉండేవి. 1597లో ఇంగ్లండు నౌకాదళం వేలాడే పడకలను అధికారికంగా ఒప్పుకుంది. నావికుడికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు. పక్కవాడు కాపలా వంతుకు వెళ్తే అది రెట్టింపయ్యేది. ఓడ అటూ ఇటూ ఒరిగినా పడక ఒరగదు, కింద చేరిన నీళ్లు తగలవు. పొద్దున చుట్టేస్తే ఫిరంగుల మధ్య చోటు ఖాళీ. యుద్ధమొస్తే ఆ చుట్టలనే ఓడ అంచున వరసగా పేర్చి తుపాకీ గుళ్లకు అడ్డు పెట్టుకునేవారు. చచ్చిపోతే అందులోనే కుట్టి సముద్రంలో వదిలేవారు.

చంద్రుడి మీదికీ వెళ్లిందిది. 1969 జూలైలో అపోలో 11 దిగినప్పుడు పడకల ఏర్పాటు లేదు. ఆల్డ్రిన్ నేల మీద ముడుచుకున్నాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజను మూత మీద ఒరిగి కాళ్లకు ఒక పట్టీ ఉచ్చు వేసుకున్నాడు. ఇద్దరికీ సరిగా నిద్ర లేదు. నవంబరులో వెళ్లిన అపోలో 12కు ఉయ్యాలలు ఇచ్చారు. ఆ వాహనం గోడ కొన్నిచోట్ల మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని అల్యూమినియం రేకు. అయితే అక్కడ బరువు భూమి మీది బరువులో ఆరో వంతే, లాగుడూ అంతే. గగన్‌యాన్ వ్యోమగాములకు శిక్షణ ఇస్తున్నది బెంగళూరులోనే. వాళ్లకు మాత్రం దీంతో పనిలేదు. కక్ష్యలో తిరిగేటప్పుడు వేలాడడానికి బరువే ఉండదు, గోడకు కట్టిన సంచిలో దూరితే చాలు.

మనవాళ్లకు ఉయ్యాల కొత్త కాదు గదా అనొచ్చు. 1898 ప్లేగు తర్వాత బెంగళూరులో పెరిగిన బసవనగుడి, మల్లేశ్వరం పాత ఇళ్లలో నడిమింట గొలుసులతో ఉయ్యాల బల్ల ఉండేది. కొన్నింట ఇప్పటికీ ఉంది. ఆ ఇళ్లవి మద్రాసు టెర్రస్ కప్పులు: టేకు దూలాలు, వాటి మీద నిలబెట్టి పేర్చిన ఇటుకలు, పైన సున్నం. కొక్కేలు దూలంలోకే దిగేవి. బల్ల ఎంత ఊగినా దాని లాగుడు ప్రధానంగా కిందికే. అట్లతద్దికి చెట్టుకొమ్మకు వేసిన ఉయ్యాలా అంతే. వల ఉయ్యాలకు ఆ అనుభవం పనికిరాదు. బల్లకు బాగా సరిపోయిన కొక్కెం దీనికీ సరిపోతుందనుకోవడం పెద్దల మీద గౌరవమే కానీ లెక్క కాదు.

లెక్క ఇది. 70 కిలోల మనిషి నడిమధ్య పడుకున్నాడనుకోండి. రెండు తాళ్లూ కలిసి 70 కిలోలను పైకి మోయాలి, తలా 35. కానీ తాడు ఏటవాలుగా ఉంది. ఆ లాగుడులో పైకి పనికొచ్చేది కొంతే, మిగతాది అడ్డంగా పోతుంది. తాడు అడ్డగీతకు 45 డిగ్రీలు దిగి ఉంటే ఒక్కో తాడులో బిగువు సుమారు 50 కిలోలు. 30 డిగ్రీలైతే సరిగ్గా 70. 15 డిగ్రీలకు 135, 10కి 200, 5కి 400. తాడు పూర్తిగా అడ్డంగా, సాపుగా ఉండాలంటే లోకంలో ఏ బలమూ చాలదు. తడి దుప్పటి వేసిన బట్టల తీగను ఎంత బిగించినా నడుమ కుంగడం మానదు, చివరికి మేకే ఊడి వస్తుంది. ఇదీ అదే.

ఇదంతా కదలకుండా పడుకున్నప్పటి మాట. బరువును మెల్లగా కాక ఒక్కసారిగా మోపితే, పైనుంచి దూకకపోయినా, లాగుడు క్షణంపాటు రెట్టింపవుతుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి దూకితే ఇంకా ఎక్కువ. అందుకే 70 కిలోల మనిషికి 30 డిగ్రీల దగ్గర కట్టినా ఒక్కో కొస 300 కిలోలు ఆపగలిగి ఉండాలని నా లెక్క. చాదస్తం అనిపిస్తే అనిపించనీ.

ఇప్పుడు గోడ సంగతి. కాంక్రీటు, ఇటుక, సిమెంటు బ్లాకు అన్నీ నొక్కితే గట్టివి, లాగితే బలహీనం. కాంక్రీటు లాగుడుకు ఆగేది నొక్కుడుకు ఆగేదాంట్లో దాదాపు పదో వంతే. ఆ లోటు తీర్చడానికే లోపల ఇనుప కమ్మీలు. కమ్మీలు లేని ఇటుక కట్టడానికి ఆ అండ లేదు. 2020లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉయ్యాల కట్టిన ఇటుక స్తంభం కూలి మీద పడి ఇద్దరు అక్కచెల్లెళ్లు చనిపోయారు. తాడు తెగలేదు, వల చిరగలేదు. కాంపౌండు గేటు పక్కన అందంగా కట్టిన ఇటుక స్తంభాన్ని చూసి ముచ్చటపడకండి.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో గోడ అంటే చాలావరకు ఖాళీని పూడ్చినదే. బరువు మోసేవి పిల్లర్లు, బీములు. వాటి మధ్య నాలుగు, ఆరు లేదా ఎనిమిది అంగుళాల సాలిడ్ బ్లాకులు పేరుస్తారు. ఈ మధ్య గాలి బుడగలతో నిండిన ఏఏసీ బ్లాకులు, లోపల గదులు గదులుగా ఖాళీ ఉండే మట్టి బ్లాకులు కూడా వచ్చాయి. నాలుగంగుళాల గోడకు మనిషిని వేలాడదీయడం అంటే ఆ గోడను మన గదిలోకి రమ్మని పిలవడమే. పిల్లర్ వెతకండి. గది మూలల్లో, బాల్కనీ రెండు చివర్లలో ఉంటుంది. బిల్డరు ఇచ్చిన ప్లానులో నల్లగా నింపిన చతురస్రాలు అవే. డ్రిల్లుకు బూడిదరంగు పొడి రావాలి, బిట్టు మెల్లగా దిగాలి. సులువుగా దిగిపోతే సంతోషించకండి, అది బ్లాకు. కొత్త టవర్లలో మైవాన్ పద్ధతి అని, అల్యూమినియం అచ్చులు బిగించి గోడా కప్పూ కలిపి కమ్మీలతో కాంక్రీటు పోస్తున్నారు. ఉయ్యాలకు అంతకంటే మంచి గోడ లేదు. కాకపోతే కరెంటు పైపులు అందులోనే పూడి ఉంటాయి, అసోసియేషన్ అనుమతీ కావాలి. బాల్కనీ రెయిలింగు, కిటికీ గ్రిల్లు, ఫ్యాను కొక్కెం మూడూ వేరే పనులకు పుట్టినవి. వాటిని వదిలేయండి.

బ్రెజిల్ దుంగల చోట మనకు నిలబడ్డది ఒక చిన్న బోల్టు. దానికీ ఒక కథ ఉంది. నూరేళ్ల కిందట గోడలో మేకు ఆగాలంటే ఉలితో గుంట చెక్కి, చెక్క బిరడా కొట్టి, దానికి మేకు వేసేవారు. లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకు బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించే పని పడింది. జనపనారను జిగురుతో గట్టిపరచి చిన్న గొట్టంలా చేశాడు. స్క్రూ దిగేకొద్దీ అది ఉబ్బి గుంట అంచులను పట్టుకునేది. 1911లో పేటెంట్ తీసుకున్నాడు. మన మేస్త్రీలు నేటికీ రావల్ ప్లగ్ అంటున్నది ఆయన పేరు మీద వచ్చినదే. 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో చేశాడు. వెయ్యికి పైగా పేటెంట్లు ఉన్న ఆ మనిషిని లోకం గుర్తుపెట్టుకున్నది ఈ రూపాయి వస్తువుతోనే. ఫొటో ఫ్రేముకు, అద్దానికి అది చాలు. మనిషికి చాలదు. మనిషికి కావలసింది ఉక్కు యాంకర్ బోల్టు, 10 లేదా 12 మిల్లీమీటర్లది. బిగిస్తుంటే దాని చివరనున్న శంకువు తొడుగును విప్పుతుంది, లాగినకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పిల్లర్ అంచుకు మరీ దగ్గరగా వేస్తే ఆ విప్పుకోవడమే కాంక్రీటు మూలను పగలగొడుతుంది. గుంటలోని పొడిని ఊది తీయకుండా బిగిస్తే బోల్టు పట్టుకునేది పొడిని, గోడను కాదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే తల మూసుకుపోయిన గుండ్రటి కన్ను ఉన్న బోల్టు ఇస్తారు. తెరిచి ఉన్న కొక్కెం వద్దు. ఊగినప్పుడు ఉంగరం పైకెగిరి జారుతుంది.

ఎంత ఎత్తున? బోల్టుల మధ్య దూరం 12 అడుగులు, వల పొడవు 11 అడుగులు అయితే నేల నుంచి ఐదున్నర, ఆరు అడుగుల మధ్య వేయాలి. కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు: అడ్డంగా మీటరు జరిగేలోపు తాడు 58 సెంటీమీటర్లు దిగితే అది 30 డిగ్రీలు. కూర్చున్నప్పుడు వల నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటే చాలు, పడినా నడుము విరగదు.

ఇక్కడే ఈ యంత్రంలో నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. గోడకు ఏది మంచిదో వెన్నుకూ అదే మంచిది. బిగించి కడితే వల అంచులు రెండు భుజాలనూ మూసేస్తాయి, మనిషి కాయలో గింజలా ఇరుక్కుంటాడు. వదులుగా కడితే వెడల్పుకు చోటొస్తుంది. అప్పుడు నిలువుగా కాక ఐమూలగా, తల ఒక వైపుకు, కాళ్లు రెండో వైపుకు జరిపి పడుకోవచ్చు. వంపు నడిమి గీతలోనే ఎక్కువ, ఐమూలలో బట్ట దాదాపు సాపుగా సాగుతుంది. బ్రెజిల్‌లో పడుకునే తీరు అదే. వాళ్లు వలను వెడల్పుగా నేసేదీ అందుకే. ఇరువైపులా కొయ్య బద్దలు పెట్టి మంచంలా చదునుగా చూపించే రకం ఒకటి అంగళ్లలో ఉంది, ప్రకటనల్లో చాలా అందంగా ఉంటుంది. చదునుగా ఉండాలంటే బిగించాలి, బిగిస్తే గోడ మీద లాగుడు పెరుగుతుంది. పైగా మన బరువు తాళ్ల గీతకు పెద్దగా దిగువన ఉండదు గనక కాస్త ఒరిగితే తిరగబడుతుంది. కొనకపోవడమే మంచిది.

ఊగితే నిద్ర ఎందుకొస్తుందో జెనీవా విశ్వవిద్యాలయంలో 2011లో పరీక్షించారు. 12 మందిని మధ్యాహ్నం 45 నిమిషాలు, మోటారుతో నాలుగు సెకన్లకోసారి మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టారు. కదలని మంచం మీదకంటే త్వరగా నిద్రపట్టింది, మెదడు తరంగాల్లో గాఢత పెరిగింది. 2019లో 18 మందితో రాత్రంతా చేసినప్పుడూ ఊగుడు నిద్రకు మేలే చేసింది. అయితే నాలుగు సెకన్ల లయ మన ఇంట్లో దానంతటది రాదు. లోలకం లెక్క ప్రకారం దానికి నాలుగు మీటర్ల పొడవు వేలాడాలి. మనకున్న మీటరు పైచిలుకులో ఒక ఊపు రెండు సెకన్లకు కాస్త ఎక్కువ, అంతే.

డిసెంబరు రాత్రి బెంగళూరులో ఇంకో చిక్కు. పరుపు కింద గాలి ఆడదు, వల కింద ఆడుతుంది. వీపు చల్లబడి తెల్లవారుజామున మెలకువ వస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు. వీపు కింద పలచటి బొంత పరిస్తే సరి, దోమ కాటూ తగ్గుతుంది.

పసిపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఈ ఊరి టవర్ల స్లాబు పోస్తున్న చోట, పాలమూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన తల్లి చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి తట్ట మోస్తుంది. ఆమె అక్కడే ఉంటుంది, చూపు ఇటే ఉంటుంది. ఎవరూ చూడని గదిలో చీర ఉయ్యాల అంత క్షేమం కాదు. వంగిన బట్టలో పసివాడి గడ్డం ఛాతీకి ఆని ఊపిరి ఇరుకవుతుంది. కాస్త పెద్ద పిల్లలు దాన్ని మెలితిప్పుకుని మెడకు చుట్టుకుంటారు. చంటిబిడ్డ రాత్రి నిద్రకు గట్టిగా, చదునుగా ఉన్న పరుపే సరి. పెద్దల వలలో పిల్లలు ఒంటరిగా ఉండకూడదు, ఆడుకోవడం అయ్యాక ఒక కొస విప్పేస్తే ఆ చిక్కు తీరుతుంది.

తాళ్లలో పాలిస్టర్ పెద్దగా సాగదు, నైలాన్ సాగి తెల్లవారేసరికి నడుమును నేలకు దింపుతుంది, చౌకగా దొరికే పాలీప్రొపిలీన్ ఎండకు పొడిబారి పెళుసవుతుంది. పడమటి బాల్కనీ అయితే తాడును ఏటా మార్చాలి. బోల్టు చుట్టూ రంగులో వెంట్రుకంత పగులు కనిపించినా, నట్టు వేలితో తిరిగినా ఆ రోజుకు పరుపే గతి.