కాలిన ట్రాక్టరును తుక్కుకు తోలేముందు

వేసవిలో గడ్డి ట్రాలీకి కరెంటు తీగ తగిలో, షెడ్డు పక్క గడ్డివాము అంటుకునో ట్రాక్టరు కాలిపోతుంది. పాత ఇనుము కొనేవాళ్లు మర్నాడే గుమ్మం ముందుంటారు. రంగు మాడి, టైర్లు కాలి, సీటులో స్ప్రింగులే మిగిలిన బండిని చూస్తే ఎవరికైనా ఆశ పోతుంది. అయినా ఇంటర్నేషనల్ బి-275, మాసీ ఫెర్గూసన్ వంటి పాత బండ్లను పైచూపుతో అమ్మేయవద్దు. కారుకూ లారీకీ ఉన్నట్టు వీటికి వేరే ఛాసిస్ ఉండదు. ఇంజను బ్లాకు, గేరుబాక్సు, వెనక ఇరుసు పెంకు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అవే బండి వెన్నెముక. అన్నీ మందపాటి పోత ఇనుము. అది కరగాలంటే సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ దాటాలి. షెడ్డు మంటలో ఆ వేడి ఇనుము లోపలిదాకా చేరడం అరుదు.

వేడి ఎక్కడిదాకా వెళ్లిందో బండే చెబుతుంది. రేడియేటరు అతుకుల్లోని సీసం, తగరం టంకం 200, 300 డిగ్రీల మధ్యే కారిపోతుంది. అది ఒక్కటే కారితే కంగారుపడక్కర్లేదు. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. డీజిల్ పంపు వైపు అల్యూమినియం చుక్కలుగా జారి గడ్డకడితే, ఆ పక్కనున్న ప్రతి భాగాన్నీ విప్పి చూడాల్సిందే. ఒక వైపు ఇలా ఉండి, రెండోవైపు గేరుబాక్సు అడుగున పాత రంగు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. రంగు నిలిచినచోట లోపలి ఇనుముకు పెద్దగా దెబ్బ తగల్లేదన్నమాట.

కంటికి కనిపించని నష్టం ఉక్కులో ఉంటుంది. కొడవలికి కమ్మరి పెట్టిన పదను మళ్లీ నిప్పుల్లో పడితే ఎలా పోతుందో, గేర్లకూ బేరింగులకూ స్ప్రింగులకూ ఉన్న గట్టిదనం అలాగే పోతుంది. చాలా బేరింగులు 200 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలెడతాయి. మండిన టైరు పక్కనే ఉండే ముందు చక్రాల బేరింగులను పరీక్షించడం కూడా దండగ, మార్చేయండి. గేరుబాక్సు సంగతి వేరు. మందపాటి పెంకులో, నూనెలో మునిగి ఉన్న గేర్లు చాలాసార్లు బతికి బయటపడతాయి. అనుమానముంటే ఆకురాయితో పంటి మూలన గీయండి. జారితే గట్టిది, కరిస్తే పదను పోయింది.

అయితే ఇదంతా చూసేలోపే తుప్పు పట్టడం మొదలవుతుంది. వైర్ల మీది పీవీసీ కాలితే ఆమ్లపు పొగ వస్తుంది. ఆర్పడానికి చల్లిన పొడి తేమ తగిలితే ఇనుమును తింటుంది. అందుకే బీమా ఉంటే కంపెనీకి చెప్పి, సర్వేయరు చూశాక, ఫోటోలు తీసుకుని వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె పూయండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే మీ బండి నష్టానికి డబ్బు రాదు. బ్లాకు పూర్తిగా చల్లారకముందు మాత్రం నీళ్లు కొట్టవద్దు, పోత ఇనుము పగులుతుంది.

చేతులు కూడా జాగ్రత్త. కొన్ని రకాల ఫ్లోరిన్ రబ్బరు సీళ్లు బాగా కాలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది చర్మం గుండా ఎముకదాకా పోతుంది. ఏ సీలు ఏ రబ్బరో పొలంలో తేల్చలేం కాబట్టి నల్లగా జిగటగా ఉన్నదేదీ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పాత క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇంజనును సెల్ఫ్ కొట్టో, మరో బండితో లాగించో తిప్పి చూడాలని అందరికీ ఆత్రం. నన్నడిగితే, ఇంతకంటే చేటు లేదు. నాజిల్స్ తీసి సిలిండర్లలో ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు రోజులు నానబెట్టి, క్రాంక్ పుల్లీని చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగినా హెడ్డు విప్పాల్సిందే. తిన్నని స్కేలు పెట్టి వంకర ఉందా చూడండి, పగుళ్లను రంగు స్ప్రేతో వెతికించండి. చిన్న పగుళ్లను కుట్టి అతికే మంచి లేతు పనివాళ్లున్నారు. సీళ్లు, గొట్టాలు, వైరింగు మొత్తం కొత్తవి వేయాలి.

డీజిల్ పంపును పరీక్ష బెంచీ ఉన్న షాపులోనే చేయించండి. పంపు లోపల ఇరుక్కుంటే ఇంజను అదుపు తప్పి పరుగెడుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి గొట్టం మూయడానికి చదునైన పలక పట్టుకుని ఒకరు నిలబడాలి.

బ్లాకు, గేరుబాక్సు రెండూ పగిలితే ఆ బండిని నిలబెట్టాలని అప్పు చేయవద్దు. అప్పుడు కూడా తూకానికి అమ్మకండి. అదే మోడలు నడిపే మరో రైతుకు దాని వెనక ఇరుసూ లిఫ్టు చేతులూ దొరకడమే కష్టం.