గోదావరి లంకలలో పల్లెబ్రదుకు

లంక యనగానే పెక్కుమందికి రావణుని పట్టణము స్ఫురించును. గోదావరితీరమున పుట్టినవారికి మాత్రము లంక యనగా నదీగర్భమున లేచిన మెరక. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ వేరుపడును. ఈ పాయలు సముద్రమును చేరులోపల ఇట్టి మెరకలు అనేకములు కలవు. కొన్నిటియందు సేద్యము మాత్రమే జరుగును. మఱికొన్నిటియందు ఇండ్లు, గుడులు, బడులు, కొబ్బరితోటలు గల నిండుపల్లెలే వెలసినవి. పటములో చూచినచో ఇవి కోనసీమ పట్టణములకు కూతవేటు దూరమున నున్నట్లే తోచును. కాని నడుమనున్న నీరు వానిని దూరదేశములుగా చేసినది. ఆ పల్లెల బ్రదుకెట్టిదో, మున్ముందు వాని గతి యేమో నేడు శ్రోతలకు విన్నవింతును.

మొదట లంక యెట్లు పుట్టునో చెప్పవలయును. వరదనీరు మందగించినచోట ఇసుక మేటవేయును. దానిపై రెల్లు మొలచును. రెల్లువేళ్లు ఇసుకను పట్టియుంచగా, మరుసటి వరద తెచ్చిన ఒండ్రు దానిపై పేరుకొనును. ఇట్లు ఏటేట ఎత్తెక్కి, కొన్నాళ్లకు నాగలి దిగు నేల యగును. ఒండ్రునేలకు ఎరువుతో పని తక్కువ. అరటి, కంద, పసుపు, మిరప, కూరగాయలు పుష్కలముగా పండును. పాడికి పచ్చగడ్డి కొదువలేదు. పూర్వము లంకపొగాకునకు గొప్ప ప్రసిద్ధి యుండెడిది. దాని చుట్టలను ఆంగ్లదేశమున సైతము ఎఱిగియుండిరి. 1890వ సంవత్సరమున వెలువడిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' అను నవలలో షెర్లాక్ హోమ్సు పొగాకు బూడిదలలోని భేదములను వివరించుచు లంకచుట్టను పేర్కొనినాడు. మన ఏటినడిమి మెరక పేరు లండను నగరపు కథలోనికి అట్లు ప్రవేశించినది! ఏటేట మునుగుచు అచ్చటనే యేల పడియుందురని లంకవాసులను ఆక్షేపించువారు ఆ నేలసారమును మఱచుచున్నారు.

ఇక మునుక మాట. దీనిని గ్రహింపవలెనన్న వరదగట్లను గూర్చి తెలియవలయును. ఆర్థరు కాటను దొర 1847లో ధవళేశ్వరము ఆనకట్టను ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించెను. కాలువలతో దేశము సస్యశ్యామలమైనది. పాయలకు ఇరువైపుల గట్లు బలపడినవి. గట్లకు వెలుపలనున్న వరిచేలును, ఊళ్లును వానివలన సురక్షితముగా నున్నవి. లంకలో, గట్లకు లోపల, అనగా నదివైపున చిక్కుకొన్నవి. గట్లు లేనినాడు దేశమంతట వ్యాపించి పలుచబడవలసిన వరద ఇప్పుడు రెండుగట్ల నడుమ ఇఱుకుకొని ఎత్తు పెరుగును. కోనసీమను కాచు గట్టే లంకను ముంచుటకు తోడగుచున్నది. దీనికి ఎవరిని నిందించుటకును వీలులేదు. గట్లు లేకున్న లక్షలకొలది జనుల బ్రదుకు నీటిపాలగును. అయినను కోనసీమ నెమ్మదికి వెలలో కొంతభాగము లంకపల్లె చెల్లించుచున్నదనుట న్యాయము. లంకవాసికి చేయు సాయమును దానముగా గాక బాకీతీర్పుగా ఎంచవలెనని నా యభిప్రాయము.

వరదవార్త ముందుగా భద్రాచలమునుండి వచ్చును. అచ్చట నీరు 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరమున 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. లంకలోని పెద్దలు ఈ యంకెలను తిథివారనక్షత్రములవలె వల్లింతురు. భద్రాచలమున ఇన్ని యడుగులన్నచో తమ యరుగున ఎన్నవమెట్టు మునుగునో వారు చెప్పగలరు. నీరు దిగివచ్చుటకు సుమారొక దినము వ్యవధి యుండును. ఆలోపల పశువులను గట్టునకు దాటింపవలెను. గర్భిణులను, పసిబిడ్డలను, ముసలివారిని చేర్పవలెను. ధాన్యమును అటుకపై కెక్కింపవలెను. కొన్నిదినములు గట్టే ఊరగును. 1986 ఆగస్టున భద్రాచలమున నీరు 75.6 అడుగులకు లేచినది. ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటినది. 2022 జులైలో మరల 71.3 అడుగులు వచ్చినది. పెద్దవరదను ఆగస్టులో ఎదురుచూచుట వాడుకయైనవారికి జులైలోనే అంతనీరు వచ్చుట క్రొత్త.

అయినను లంకవాసి నిజముగా వెఱచునది వరదకు కాదు, కోతకు. వరద పోవుచు ఒండ్రునైన విడుచును. కోతపడిన నేల మరల రాదు. నీరు తీయునప్పుడు నానిన ఒడ్డు అడుగున డొల్లపడి, పైనున్న కొబ్బరిచెట్లతో కూడ పెళ్లలుపెళ్లలుగా ఏటిలోనికి ఒరుగును. పెంచిన తోట ఒక్కరాత్రిలో కనబడకపోవుట అచ్చట అరుదుగాదు. అట్లుపోయిన మన్ను వేఱొకచోట మేటయై లేచునుగాని, ఆ మేట పోగొట్టుకొన్నవానిది కాదు; నది వేసిన క్రొత్తలంకను సామాన్యముగా ప్రభుత్వభూమిగా నెంచి కౌలున కిత్తురు. రైతునకు పట్టాకాగితమున ఎకరముండును, ఆ యెకరమున నీరుండును. అదియునుగాక మేటలు పూర్వమువలె పెరుగుటలేదు. ఎగువను నదిపైనను ఉపనదులపైనను కట్టిన జలాశయములు ఒండ్రులో పెద్దభాగమును తమయందే నిలుపుకొనుచున్నవి. పాయలలో ఇసుక త్రవ్వకము చేరువ యొడ్లను మఱింత బలహీనపఱచును.

రాకపోకల కష్టము వేఱు. పి. గన్నవరము చెంత బూరుగులంక రేవు కలదు. దానికావల ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, అరిగెలవారిపేట మొదలగు పల్లెలున్నవి. వేసవిలో పాయకు అడ్డముగా మట్టిబాట వేయుదురు. తొలివరదకు అది కొట్టుకొనిపోవును. ఆపై నెలలతరబడి పడవయే దిక్కు. 2022నాటి పెద్దవరద నాటికిని అచ్చట వంతెన పూర్తికాలేదు. పాలబిందె మొదలు పెండ్లిసామగ్రివఱకు, బడిపిల్లలు మొదలు ప్రసవవేదన పడు స్త్రీవఱకు సర్వము సరంగు చేతిలోనిది. 2018 జులై 14వ తేదీన పశువుల్లంక చెంత, బడినుండి ఇండ్లకు మరలుచున్న పిల్లలున్న పడవ, కట్టుచు సగమున నిలిచిన వంతెనస్తంభమునకు కొట్టుకొని తిరగబడినది. బాలికలు కొందఱు మునిగిపోయిరి. ఏ వంతెన పూర్తియైయున్నచో ఆ పిల్లలకు పడవయెక్కు పనిలేకుండెడిదో, దాని స్తంభమే వారి పడవకు అడ్డుపడినది.

కావున ముందుగా కావలసినది వంతెన. వరదదినములలో పంచు బియ్యము, పప్పు, కిరసనాయిలు అవసరములే. కాని అవి వారముదినముల కూడు. యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమిపై బాలయోగి పేరిట 2002లో వంతెన యేర్పడిన పిదప అమలాపురమునుండి కాకినాడకు పోవు బాటసారికి రేవున పడిగాపులు తప్పినవి. వంతెన వచ్చినచో పడుచువాండ్రు పల్లెవిడిచి పోవుదురని కొందఱనుచున్నారు. వంతెన లేకయే వారు పోవుచున్నారు. బాట యున్నచో పగలు పట్టణమున పనిచేసి రాత్రికి ఇల్లు చేరవచ్చును. తెల్లవారుజామున కోసిన కూర ఆ పూటకే సంతకు పోవును. లంకకు పిల్లనిచ్చుటకు సందేహించు మామగారు కొంత మెత్తబడవచ్చును.

రెండవది కోతపడు ఒడ్లకు రాతికట్టు. ఇది ఖర్చుతో కూడినది. ఒకచోట కట్టిన ప్రవాహము ఎదుటి యొడ్డునకు మఱలు ప్రమాదమును కలదు. కావున పాయ మొత్తమును పరిశీలించి కట్టవలెనేగాని, ఎవరి కేక పెద్దదైన వారి యొడ్డున రాళ్లు పోయుట తగదు.

మూడవది, గట్టునకు వెలుపల ఇండ్లస్థలము లిచ్చి పల్లెను తరలించుట. ఒడ్డు విఱిగి ఇండ్ల వాకిళ్లకు వచ్చినచోట వేఱుదారి లేదు. తక్కినచోట మాత్రము నిర్బంధము పనికిరాదు. పొలము లంకలోనే యుండును గదా. రైతు దినమును రెండుమాఱులు ఏఱు దాటవలసియుండును. ఇల్లు వెలుపలను, పశువులపాక లంకలోను పెట్టుకొని రెంటికిని తిరుగుచున్న కుటుంబములు ఇప్పుడును కలవు. ఇచ్చెడి స్థలము రెండుగదుల యింటికి చాలును. గేదెను కట్టుటకు, గడ్డివామి వేయుటకు అందు చోటుండదు. స్థలము చూపినప్పుడు లంకరైతు మొట్టమొదట అడుగునది ఆ చోటును గూర్చియే.