దుడుకుతనానికి కొలతలు

దుడుకుతనం అన్న ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని పనులు చాలా చేరిపోతాయి. ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేయడం, కోపంలో ఫోను నేలకేసి కొట్టడం, జీతం పడిన రోజే సగం ఖర్చు చేసేయడం, మొదలుపెట్టిన చదువు మధ్యలో మానేయడం, ఖాళీ రోడ్డు కనిపిస్తే బండిని నూటికి పైన పరుగెత్తించడం. ఇంట్లో పెద్దవాళ్లు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ‘దూకుడు మనిషి’ అనేస్తారు. మనస్తత్వ శాస్త్రం కూడా చాలాకాలం అలాగే అనుకుంది. కొలవడం మొదలుపెట్టాకే ఇవి ఒకే గుణానికి వేర్వేరు రూపాలు కావనీ, ఒకే పేరు మోస్తున్న వేర్వేరు గుణాలనీ బయటపడింది.

కొలిచే దారులు ముఖ్యంగా రెండు. మనిషినే అడిగి తెలుసుకోవడం ఒకటి, ఒక పని అప్పగించి ఎలా చేస్తాడో చూడడం రెండోది. మొదటిదానికి ప్రశ్నావళులు, రెండోదానికి ప్రయోగశాల పరీక్షలు.

ప్రశ్నావళుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది బారట్ స్కేలు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎర్నెస్ట్ బారట్ దీని తొలి రూపాన్ని 1959లో ప్రచురించాడు. ఆందోళన వేరు, దుడుకుతనం వేరు అని చూపించడం ఆయన ఉద్దేశం. అనేక సవరణల తరువాత 1995లో వచ్చిన పదకొండో రూపమే ఇప్పటికీ ప్రామాణికంగా చలామణీ అవుతోంది. ఇందులో 30 వాక్యాలుంటాయి. ఆలోచించకుండా పనులు చేయడం, పనులను ముందుగా జాగ్రత్తగా సిద్ధం చేసుకోవడం వంటి అలవాట్ల గురించి ఒక్కో వాక్యం చెబుతుంది. అది తనకు ఎంత తరచుగా వర్తిస్తుందో మనిషి ‘అరుదుగా లేదా ఎప్పుడూ కాదు’ నుంచి ‘దాదాపు ఎప్పుడూ’ వరకు నాలుగు మెట్లలో గుర్తు పెట్టాలి. జాగ్రత్తను చెప్పే వాక్యాలకు మార్కులు తిరగేసి వేస్తారు. అన్నిటికీ కళ్లు మూసుకుని ఒకే గడిలో టిక్కు పెట్టేవాళ్ల వల్ల లెక్క తప్పకుండా ఇదొక జాగ్రత్త. మొత్తం మార్కులు 30 నుంచి 120 మధ్య పడతాయి. వాటిని మూడు పాళ్లుగా విడదీసి కూడా చూస్తారు: మనసు ఒకచోట నిలవకపోవడం, ఆ క్షణానికి తోచింది చేసేయడం, రేపటి గురించి ఆలోచించకపోవడం.

దుడుకుతనానికీ సాహసానికీ మధ్య గీత గీసినవాళ్లు బ్రిటన్‌లో హాన్స్ ఐసెంక్, సిబిల్ ఐసెంక్ దంపతులు. ప్రమాదం ఉందన్న స్పృహే లేకుండా దూకేవాడు ఒకడు, ప్రమాదం తెలిసి, లెక్కవేసుకుని దూకేవాడు ఇంకొకడు. బయటినుంచి చూస్తే ఇద్దరూ దూకినవాళ్లే. ఐసెంక్‌ల ప్రశ్నావళి ఈ రెండింటికీ వేర్వేరుగా మార్కులు వేస్తుంది. ఇంతకన్నా ముందే, 1964లో, మార్విన్ జుకర్‌మన్ కొత్త అనుభూతుల కోసం వెతుకులాట అనే గుణానికి ఒక స్కేలు తయారుచేశాడు. దాని పుట్టుక చిత్రమైనది. వెలుతురు, చప్పుడు అందకుండా మనుషులను గదుల్లో ఉంచి చేసిన ప్రయోగాల్లో కొందరు హాయిగా పడుకునేవారు, కొందరు కాసేపటికే తల్లడిల్లిపోయేవారు. ఆ తేడాను ముందే పసిగట్టే ప్రయత్నంలోంచి ఆ స్కేలు వచ్చింది.

ఇలా కొలమానాలు పెరిగిపోయాయి, ఒక్కొక్కరూ ఒక్కో దాన్ని దుడుకుతనమన్నారు. ఈ చిక్కును విప్పిన పని 2001లో జరిగింది, ఈ రంగంలో ఇంత మేలు చేసిన అధ్యయనాలు తక్కువ. స్టీఫెన్ వైట్‌సైడ్, డొనాల్డ్ లైనం అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వాడుకలో ఉన్న దుడుకుతన ప్రశ్నావళులను పోగుచేసి, నాలుగు వందలకు పైగా కాలేజీ విద్యార్థులచేత అన్నిటినీ పూరింపజేశారు. దాంతోపాటు వ్యక్తిత్వాన్ని ఐదు పెద్ద గుణాలుగా కొలిచే నియో ప్రశ్నావళిలోని కొన్ని భాగాలను కూడా ఇచ్చారు. నియోలో ఒక విశేషం ఉంది. దుడుకుతనమని పేరున్న అంశం అందులో మానసిక అస్థిరత కింద ఉంటుంది. ఉత్సాహం కోసం వెతకడం బహిర్ముఖత్వం కింద ఉంటుంది. ముందూ వెనకా చూసుకోవడం, పట్టుదలగా పని పూర్తిచేయడం బాధ్యతాయుతత్వం కింద ఉంటాయి. అంటే వ్యక్తిత్వ పటంలో దుడుకుతనానికి ఒక ఊరంటూ లేదు, మూడు జిల్లాల్లో చెదిరి ఉంది.

ఆ జవాబుల రాశిని వాళ్లు కారక విశ్లేషణ అనే గణిత పద్ధతికి అప్పగించారు. ఒక ప్రశ్నకు ఎక్కువ మార్కులు వేసుకున్నవాళ్లు ఇంకే ప్రశ్నలకు ఎక్కువ వేసుకున్నారో చూసి, కలిసి పెరిగే, కలిసి తగ్గే ప్రశ్నలను గుంపులుగా చేర్చే పద్ధతి అది. నాలుగు గుంపులు తేలాయి. మనసు బాగాలేనప్పుడు ఆగలేకపోవడం, చేసేముందు ఆలోచించకపోవడం, పనిలో చివరిదాకా నిలవలేకపోవడం, కొత్త అనుభూతుల కోసం వెతకడం. వీటిని కొలవడానికి 45 వాక్యాలతో యూపీపీఎస్ అనే స్కేలు తయారైంది. పట్టలేని సంతోషంలో కూడా మనుషులు ఇలాగే ఒళ్లు మరిచిపోతారని గుర్తించి, 2007లో మెలిస్సా సైడర్స్, గ్రెగరీ స్మిత్ తదితరులు ఐదో అంశాన్ని చేర్చారు. అలా 59 వాక్యాల రూపం వచ్చింది.

ఈ విభజన వల్ల ఉపయోగం ఏమిటో మద్యం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త అనుభూతులు వెతికేవాళ్లు తాగడం మొదలుపెట్టే అవకాశం, తరచుగా తాగే అవకాశం ఎక్కువ. తాగుడు వల్ల గొడవలు, గాయాలు, ఉద్యోగం పోవడం దాకా వెళ్లేవాళ్లలో మాత్రం బలంగా కనిపించేది బాధలోనో కోపంలోనో ఆగలేని గుణం. అతిగా తినేసే జబ్బుతో కూడా దానికే దగ్గరి చుట్టరికం. మొదలుపెట్టిన పనిలో నిలవలేకపోవడం శ్రద్ధాలోపంతో ముడిపడి ఉంటుంది. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి, చికిత్స చేసేవాళ్లకు కావలసినవేమో సరిగ్గా ఆ తేడాలే.

దుడుకుతనం ఎప్పుడూ చేటే అనుకోవడం కూడా సరికాదు. స్కాట్ డిక్‌మన్ 1990లో దాన్ని పనికొచ్చేది, పనికిరానిది అని రెండుగా విడదీశాడు. క్షణాల్లో నిర్ణయం తీసుకోవలసిన చోట తటపటాయించకపోవడం మొదటి రకం. ఈ రెండింటి మార్కులకూ ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం ఉండదని ఆయన చూపించాడు.

ప్రశ్నావళికి పుట్టుకతో ఉన్న లోపం, అది మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట మీద ఆధారపడడం. ఉద్యోగం కోసం వచ్చినవాడు నిలకడ కలవాడిలా కనబడాలనుకుంటాడు. ‘తరచుగా’ అన్న మాటకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో లెక్క ఉంటుంది. నెమ్మదస్తుల ఇంట్లో పెరిగిన కుర్రవాడు తనను మహా దుడుకువాడిగా లెక్కవేసుకోవచ్చు. అమెరికా కాలేజీ విద్యార్థుల సగటులను తెచ్చి, గుంటూరులోనో వరంగల్‌లోనో చదువుకుంటున్న పిల్లలకు కొలబద్దగా పెట్టడం కూడా తప్పే. వాక్యాలను తెలుగులోకి తెచ్చి, వేరొకరిచేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి, అర్థం జారిపోలేదని సరిచూసి, ఇక్కడివాళ్ల మీదే కొత్తగా సగటులు కట్టాలి.

మనిషి చెప్పుకునే మాట మీద ఆధారపడకుండా చేతను చూసేవి ప్రయోగశాల పరీక్షలు. వాటిలో పాతదైన ఒకదాన్ని జెరోమ్ కాగన్ 1960లలో పిల్లల కోసం తయారుచేశాడు. పైన ఒక బొమ్మ, కింద దాన్నే పోలిన ఆరు బొమ్మలు. ఆరింటిలో ఒక్కటే అచ్చంగా పైదానిలా ఉంటుంది, మిగతావాటిలో ఎక్కడో చిన్న తేడా. త్వరగా వేలుపెట్టి ఎక్కువ తప్పులు చేసే పిల్లలు ఒక వైపు, ఆలస్యంగా అయినా సరిగ్గా చూపేవాళ్లు మరోవైపు తేలతారు.

అన్నిటిలోకి పకడ్బందీగా కట్టినది స్టాప్ సిగ్నల్ పరీక్ష. తెర మీద ఎడమకు బాణం వస్తే ఎడమ మీట, కుడికి వస్తే కుడి మీట వీలైనంత త్వరగా నొక్కాలి. సాధారణంగా నాలుగింట ఒకసారి, బాణం కనిపించిన కాసేపటికి ఒక చప్పుడు వినిపిస్తుంది. అది వినగానే చేయి ఆపేయాలి. ఆపగలిగితే తరువాతిసారి ఆ చప్పుడును 50 మిల్లీసెకండ్లు ఆలస్యం చేస్తారు, అంటే ఆపడం కష్టమవుతుంది. ఆపలేకపోతే అంతే ముందుకు జరుపుతారు. ఇలా జరుపుతూ పోతే మనిషి సగం సార్లు ఆగగలిగి, సగం సార్లు ఆగలేని చోటుకు పరీక్ష చేరుకుంటుంది.

ఆగడానికి పట్టిన సమయాన్ని నేరుగా చూడలేం. ఆగిపోయిన చేయి ఏ మీటనూ నొక్కదు కదా. గోర్డన్ లోగన్, విలియం కోవన్ 1984లో దీనికి ఉపాయం చెప్పారు. నొక్కమనే ప్రక్రియ, ఆపమనే ప్రక్రియ గుర్రప్పందెంలోలా పోటీపడతాయని, ముందు గీత దాటినదే గెలుస్తుందని వాళ్ల నమూనా. ఒక మనిషి బాణానికి సగటున 480 మిల్లీసెకండ్లలో స్పందిస్తున్నాడనీ, 250 మిల్లీసెకండ్ల ఆలస్యం దగ్గర సగం సార్లు ఆగగలుగుతున్నాడనీ అనుకుంటే, తేడా 230. అతని మెదడు ఆగడానికి తీసుకునే సమయం అదే. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఇది మామూలుగా 200 నుంచి 250 మధ్య ఉంటుంది. శ్రద్ధాలోపం, అతి చురుకుదనం ఉన్న పిల్లల్లో సగటున ఎక్కువ. చప్పుడు వస్తుందేమోనని కాచుకుని కూర్చునేవాళ్ల లెక్క మాత్రం చెడిపోతుంది, అందుకే ఆగి చూడవద్దని ముందే గట్టిగా చెబుతారు.

మూడో రకం పరీక్షలు చేతినిగాక ఎంపికను చూస్తాయి. ఇప్పుడు కొంచెమా, తరువాత ఎక్కువా? క్రిస్ కర్బీ తదితరులు 1999లో వాడిన 27 ప్రశ్నల జాబితా ఇందుకు ప్రసిద్ధం. ఈ రోజు 54 డాలర్లా, 117 రోజుల తరువాత 55 డాలర్లా అన్నది ఒక కొస. ఒక్క డాలరు కోసం నాలుగు నెలలు ఆగేవాళ్లు అరుదు. ఈ రోజు 11 డాలర్లా, వారం తరువాత 30 డాలర్లా అన్నది ఇంకో కొస. ఇక్కడ కూడా ఆగలేనివాడికి ఓపిక చాలా తక్కువన్నమాట. మనిషి ఏ ప్రశ్న దగ్గర మనసు మార్చుకున్నాడో చూసి, ఆలస్యం వల్ల సొమ్ము విలువ అతని దృష్టిలో ఎంత వేగంగా తరుగుతుందో అంకె కడతారు. ఆ అధ్యయనంలో హెరాయిన్‌కు బానిసలైనవాళ్లలో ఈ తరుగుదల మిగతావాళ్లకంటే సగటున రెట్టింపు ఉంది.

ఈ తరుగుదల బ్యాంకు వడ్డీలా ఒకే రేటున సాగదని జేమ్స్ మాజర్ 1987లో పావురాల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. మొదట్లో నిటారుగా పడిపోయి, తరువాత నెమ్మదిస్తుంది. అందుకే ఈ రోజు వెయ్యి రూపాయలు వదులుకుని వారం తరువాత పదకొండు వందలు తీసుకోలేని మనిషే, ఏడాది తరువాత వెయ్యి కావాలా, ఏడాది మీద వారానికి పదకొండు వందలు కావాలా అంటే నిస్సంకోచంగా పదకొండు వందలే అంటాడు. వచ్చే నెల నుంచి పొదుపు చేస్తానన్నవాళ్ల మాట అబద్ధం కాదు. ఆ నెల వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది.

వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన మార్ష్‌మాలో పరీక్ష ఈ కోవలోదే. ఎదురుగా ఉన్న మిఠాయిని తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పి పసివాళ్లను గదిలో ఒంటరిగా వదిలేవారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారన్న మాట ప్రపంచమంతా పాకింది. తొలి అధ్యయనాల్లోని పిల్లల్లో ఎక్కువమంది విశ్వవిద్యాలయ కుటుంబాలవాళ్లు. టైలర్ వాట్స్ బృందం 2018లో 900కు పైగా పిల్లల సమాచారంతో తిరిగి చూస్తే ఆ సంబంధం సగమే ఉంది. ఇంటి నేపథ్యాన్నీ పిల్లల తొలినాటి సామర్థ్యాలనూ లెక్కలోకి తెచ్చాక మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు పోయింది. రోచెస్టర్‌లో 2013లో జరిగిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. మంచి రంగులు తెస్తానని చెప్పి ఉత్తచేతులతో వచ్చిన పెద్దమనిషి మిఠాయి పెట్టినప్పుడు పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న మనిషి పెట్టినప్పుడు పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పేవాళ్ల మధ్య పెరిగే పిల్ల వెంటనే తినేయడం దుడుకుతనం కాదు, వివేకం.

రిస్కును కొలిచే పరీక్షలు మళ్లీ వేరు. కార్ల్ లెజూ బృందం 2002లో తెచ్చిన బుడగ పరీక్షలో తెర మీది బుడగను ఊదిన కొద్దీ డబ్బు పోగవుతుంది, పేలితే ఆ బుడగ మీద వచ్చినదంతా పోతుంది. ఎక్కడ ఆపి డబ్బు దాచుకోవాలన్నది ఆడేవాళ్ల ఇష్టం.

ప్రశ్నావళులు, పరీక్షలు అనే ఈ రెండు దారులూ ఒకచోటికే చేరతాయని ఎవరైనా ఆశిస్తారు. సైడర్స్, కోస్కున్‌పినార్ 2011లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చితే, ప్రశ్నావళి మార్కులకూ ప్రయోగశాల ఫలితాలకూ మధ్య సహసంబంధం దాదాపు 0.1 అని తేలింది. పూర్తి పొందిక ఉంటే 1, ఏమీ లేకపోతే 0. అంటే సంబంధం ఉందనడానికి మాత్రమే ఉంది. దీనికి కారణాలున్నాయి. ప్రశ్నావళి ఏళ్ల అలవాటును అడుగుతుంది, పరీక్ష ఒక పూట ప్రశాంతమైన గదిలో చేతి వేగాన్ని చూస్తుంది. ఆ గదిలో కోపం లేదు, అప్పు లేదు, రెచ్చగొట్టే స్నేహితులు లేరు. పైగా ఇలాంటి పరీక్షలు చాలామటుకు అందరిలోనూ ఒకేలా కనిపించే ప్రభావాలను పట్టుకోవడానికి కట్టినవి, కాబట్టి మనిషికీ మనిషికీ మధ్య తేడాను అవి అంత నిలకడగా చూపలేవు. క్రెయిగ్ హెజ్ తదితరులు 2018లో ఈ మాటను లెక్కలతో నిరూపించారు.

పరీక్షలకు తమలో తమకు కూడా పొత్తు కుదరదు, దానికి శరీరంలోనే కారణం ఉంది. ఎలుకలకు ఐదు రంధ్రాలున్న పెట్టెలో దీపం వెలిగేదాకా ఆగి, వెలిగిన రంధ్రంలో ముక్కు పెట్టమని నేర్పుతారు. మెదడులో సెరొటోనిన్‌ను తగ్గిస్తే అవి దీపం వెలగకముందే ముక్కు పెట్టేయడం పెరుగుతుంది. అదే స్థితిలో స్టాప్ సిగ్నల్ వంటి పరీక్ష పెడితే ఆగే వేగంలో తేడా రాదు. వేచి ఉండడం, మొదలుపెట్టినదాన్ని ఆపడం మెదడులో వేర్వేరు యంత్రాంగాలు.

అందుచేత పెద్ద అధ్యయనాలు ఒకే కొలతను నమ్ముకోవు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను అనుసరించిన బృందం, వాళ్లకు మూడు నుంచి పదకొండేళ్లు వచ్చేలోగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశీలకులు, పిల్లలు స్వయంగా చెప్పినవన్నీ కలిపి ఆత్మనిగ్రహానికి ఒక కొలత కట్టింది. 32 ఏళ్ల వయసులో వాళ్ల ఆరోగ్యం, అప్పులు, నేర చరిత్ర ఆ కొలతతో ముడిపడి ఉన్నాయని టెరీ మాఫిట్ తదితరులు 2011లో ప్రకటించారు.

ఆసుపత్రిలో కూడా పద్ధతి ఇదే. శ్రద్ధాలోపం, అతి చురుకుదనం అని నిర్ధారించడానికి ఏ స్కేలు మార్కులూ, ఏ కంప్యూటర్ పరీక్షా చాలవు. 2013 నాటి అమెరికన్ నిర్ధారణ ప్రమాణాల ప్రకారం లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ వంటి రెండు చోట్లయినా ఉండాలి. వైద్యులు తల్లిదండ్రులను, టీచర్లను విడివిడిగా అడుగుతారు. ఇటీవలి పరిశోధకులు ఫోను సాయం కూడా తీసుకుంటున్నారు. రోజులో కొన్నిసార్లు సందేశం పంపి, ఆ క్షణాన మనసెలా ఉంది, అనుకోకుండా ఏమైనా చేశారా అని అడుగుతారు. ఇలా వారాలపాటు పోగైన జవాబుల్లో ఒకే మనిషి ఏ పూట, ఏ మూడ్‌లో పట్టుతప్పుతాడో కనిపిస్తుంది. ఒకసారి పూరించిన ప్రశ్నావళి గానీ, ఒక పూట మీట నొక్కించిన పరీక్ష గానీ ఈ సంగతి చెప్పలేవు.