అడవిగేదెకు పల్లెల కావలి

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవిగేదె ఆ రాష్ట్రంలోనే అంతరించే దశకు చేరింది. పూర్వులు కారెనుము అన్నది దీనినే. మన అడవుల్లో కనిపించే అడవిదున్న వేరు. గరియాబంద్ జిల్లా ఉదంతి అభయారణ్యంలో ఒక దశలో మిగిలిన ఆడగేదె ఒక్కటే. దానికి ‘ఆశ’ అని పేరుపెట్టారు. 2014లో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ దాని కణాలతో క్లోనింగ్ దూడను పుట్టించింది. అస్సాంలోని మానస్ నుండి 2020లోను, 2023లోను గేదెలను బర్నవాపారాకు తరలించారు.

ఇంత ప్రయాస జరిగినా అసలు ముప్పు ఊరి పొలిమేరలోనే పొంచి ఉంది. మేతకు తోలిన పెంపుడు గేదెలతో కలిస్తే అడవిజాతి సంకరమవుతుంది. గాలికుంటు వంటి రోగాలూ సోకుతాయి. ఈ సంకరాన్ని అరికట్టాలని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగా ఏ పోతు ఏ మందలో చేరిందో, ఏ పశువు చొంగ కారుస్తోందో మొదట తెలిసేది కాపరికే. ఉదంతిలో స్థానిక యువకులచేత జాడలు తీయించడం ఈ కారణంగానే.

గోదావరిలో కలిసే ఇంద్రావతి తీరాన, తెలుగు వినిపించే భోపాలపట్నం వైపు, ఈ అవసరం మరింత హెచ్చు. మావోయిస్టు ఘర్షణల కాలంలో అటవీ సిబ్బంది అడుగుపెట్టలేని లోపలి అడవుల సంగతి పల్లెవాసులు చెబితేనే తెలిసేది. అక్కడి గేదెలకు రాష్ట్ర సరిహద్దు పట్టదు, అవతల మహారాష్ట్రలోని కొలామార్క అడవులకూ పోతాయి. జాడ తీసేవారికి నెలనెలా కూలి, పంట తొక్కితే రైతుకు సకాలంలో పరిహారం అందించడానికి క్లోనింగ్‌కున్నంత ప్రచారం రాకపోవచ్చు గాని, ముందుగా నిధులు కేటాయించవలసింది వాటికే.